నవల్లోంచి తీసేసిన అత్త

మా బాబాయిని ప్రెస్సులో అందరూ కత్తెర అనేవారు. మొహం మీద అన్నా ఆయన ఏమీ అనుకునేవాడు కాదు, పైగా మురిసిపోయేవాడు. ప్రపంచ ప్రసిద్ధ నవలల్ని తొంభై ఆరు పేజీలకు కుదించడం ఆయన ఉద్యోగం. ఎంత లావు నవలైనా, ఎంతటివాడు రాసినా అంతే. ఆ లెక్క అచ్చు కాగితాన్ని మడిస్తే వచ్చే పేజీలది, సాహిత్యానిది కాదు. బస్సుల్లోనూ ఆసుపత్రి వరండాల్లోనూ జనం చదివే ఆ పల్చటి పుస్తకాల మీద మహా రచయితల పేర్లు పెద్దక్షరాల్లో ఉండేవి. బాబాయి పేరు ఎక్కడా ఉండేది కాదు.

ఆ మహా రచయితలంటే ఆయనకున్నంత చులకన నేను మరెవరిలోనూ చూడలేదు. ఒక్కరినీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు. ఒకాయన ‘వానల పెద్దమనిషి’. ఒకావిడ ‘కర్టెన్ల అమ్మగారు’. ఇంకొకాయన ‘తాతముత్తాతల బాపతు’, ఎందుకంటే కథానాయకుణ్ణి పుట్టించడానికి ఆయనకు ఏడు అధ్యాయాలు పట్టింది. అదే గదిలో కంప్యూటర్ ముందు కూచుని, బాబాయి రాసిచ్చింది నేను టైపు చేసేదాన్ని. ఎర్ర పెన్సిల్‌తో పేజీలకు పేజీలు కొట్టేస్తూ గొణుగుతూనే ఉండేవాడు.

“చూడు, మళ్ళీ వాన! ప్రపంచ సాహిత్యానికి ఈ మహానుభావుడు చేసిన సేవ ఏమిటయ్యా అంటే, అందరికీ జలుబు చేయించడం.”

“మరి అన్ని దేశాల్లోనూ చదువుతున్నారుగా బాబాయ్?”

“కొంటున్నారు. చదివేది నేనొక్కణ్ణే. అదీ జీతమిస్తున్నారు కాబట్టి.”

నిజానికి ఆయనంటే నాకూ అంతే చులకన. వయసులో ఉండగా తనూ ఒక నవల మొదలుపెట్టాడట. నాయకుడు రైలు దిగాక ఏం చెయ్యాలో తోచక వదిలేశాడని పిన్ని చెప్పింది. అలాంటివాడు కూచుని గొప్పవాళ్ళకు వంకలు పెడుతున్నాడు!

ఒకసారి లైబ్రరీ వాళ్ళు ‘ప్రసిద్ధ నవలాకారులు, ప్రపంచ సాహిత్యానికి వారి సేవ’ అని సభ పెట్టారు. మాట్లాడాల్సిన ప్రొఫెసర్ ఇంకా పెద్ద సభ దొరకడంతో ఎగ్గొట్టాడు. మా ప్రెస్సు యజమాని లైబ్రరీ కమిటీలో ఉన్నాడు కాబట్టి బాబాయిని ముందుకు తోశాడు. ఆయన అభాసు పాలవుతుంటే చూద్దామని నేనూ వెళ్ళాను.

అభాసు కాలేదు సరికదా, హాలంతా నవ్వులు. వానల పెద్దమనిషిని, కర్టెన్ల అమ్మగారిని వరసపెట్టి చీల్చి చెండాడాడు. నవ్వినవాళ్ళలో ఆ నవలలు చదివినవాళ్ళు ఎవరూ లేరు. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. లైబ్రేరియన్ మాత్రం మొహం మాడ్చుకుని కూచున్నాడు.

చివర్లో వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. బట్టలు కుట్టుకుని బతుకుతానని చెప్పింది. ఆవిడ చేతిలో మా పుస్తకమే ఉంది, వానల పెద్దమనిషి రాసిన యుద్ధం నవల.

“ఇందులో పిల్లాడు ఊరొదిలి వెళ్తూ ‘అత్తకి చెప్పలేదు’ అని ఏడుస్తాడండీ. పుస్తకం మొత్తం వెతికాను. ఏ అత్తా లేదు. ఎవరావిడ?”

బాబాయి చెయ్యి విదిలించాడు. “అచ్చుతప్పమ్మా.”

“అచ్చుతప్పుకి పిల్లాడు ఏడుస్తాడా?”

జనం ఈసారి ఆయన్ని చూసి నవ్వారు. బాబాయి మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ అత్తకు చెవుడు. మేడ మీద ఒంటి గదిలో పిల్లాడితో ఉంటుంది. బాంబు పడ్డప్పుడల్లా వాడు ఆవిడ చెయ్యి నొక్కాలి, అప్పుడిద్దరూ మంచం కిందకు దూరాలి. ఒకరోజు ఆవిడ నిద్రలో ఉండగా బంధువులు పిల్లాణ్ణి రైలెక్కించేశారు. ఆనాటినుంచి ఆవిడ బల్ల మీద గ్లాసులో నీళ్ళు పోసుకుని, ఆ నీళ్ళు వణుకుతాయేమోనని చూస్తూ కూచుంటుంది. బయట వాన పడినా నీళ్ళు వణుకుతాయి. ఏది వానో ఏది బాంబో ఆవిడకు తెలియదు.

బాబాయి ఆ వానను ఒక్క చినుకు కూడా వదలకుండా చెప్పాడు. మైకు ఆపేశాక కూడా చెప్పాడు.

“బతికిందా అండీ?” అని అడిగింది బట్టలు కుట్టే ఆవిడ.

“బతికింది. నలభై పేజీలు బతికింది. కథకు అక్కర్లేదని తీసేశాను.”

“అక్కర్లేదని మీకెవరు చెప్పారు?” అనేసి ఆవిడ కూచుంది.

మర్నాడు బాబాయి యజమాని గదిలోకి వెళ్ళి, ఆ పుస్తకం మళ్ళీ అచ్చు వేసేటప్పుడు ఇంకొన్ని పేజీలు కావాలన్నాడు. “చెవిటి ముసలమ్మ కోసం కాగితం తగలెయ్యమంటావా?” అని యజమాని విరగబడి నవ్వాడు. బాబాయి తిరిగొచ్చి, పుస్తకం తెరిచి, పిల్లాడి మాట మీద ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాడు.

“ఇది తీసెయ్యమ్మా. ఇంక ఎవరూ అడగరు.”

నేను తీసేశాను. తెలియక కోసేవాణ్ణి పోనీలే అనుకోవచ్చు. ఈయనకు ప్రతి ముక్కా కంఠస్థం. అందుకే ఆయన మీద నాకున్న చులకన ఆ రోజు రెట్టింపయింది. పిన్నితో చెబితే, “ఉద్యోగం వదులుకుంటాడనుకున్నావా?” అంది.

తర్వాత కూడా ఆయన చాలాకాలం ఆ కుర్చీలోనే పనిచేశాడు. రచయితల్ని తిట్టడం మానలేదు. సభలకు పిలిస్తే మాత్రం గొంతు బాగాలేదనేవాడు.