ఉప్పుగాలిలో చిన్నాన్న దేవదారు

మా చిన్నాన్న పోయారు. బుధవారం పొద్దున్న టెక్కలిలో నేను బడికి బయలుదేరుతుంటే పిన్ని ఫోన్ చేసింది. "అమ్మీ, సిన్నాన్న లెగడం లేదే" అంది. ఆ మాటకు అర్థం తెలిసి కూడా "మళ్ళీ పిలువు పిన్నీ, గట్టిగా పిలువు" అన్నాను. "ఇదిగో, ఇటు సూడండి" అని ఆవిడ పిలుస్తూనే ఉంది. అలా ఎన్నిసార్లు పిలిపించానో!

మీలో కొందరు ఆయన్ని ఎరిగే ఉంటారు. మా ఊరి నుంచి రోజూ పలాస వెళ్ళి మోటార్లకు వైండింగ్ కట్టేవారు. వజ్రపుకొత్తూరు వైపు తోటల్లో ఏ మోటారు కాలినా ఆయన దగ్గరికే వచ్చేది. వయసులో ఉండగా హిమాచల్ కొండల్లో ఒక కరెంటు ప్రాజెక్టుకు పనికి వెళ్ళి, వస్తూ వస్తూ రేకు డబ్బాలో జానెడు దేవదారు మొక్క తెచ్చారు. చెట్టును కుండీలో చిన్నగా ఉంచడం, రాగి తీగ చుట్టి కొమ్మలు వంచడం అక్కడి నర్సరీలో ఒక ముసలాయన నేర్పాడట. మంచులో పెరిగే చెట్టు మన ఉప్పుగాలికి నెల్లాళ్ళు కూడా నిలవదని ఊరంతా నవ్వింది. ఆయన పెరట్లో కొబ్బరి మట్టల పందిరి వేసి, నీడ జరిగినప్పుడల్లా కుండీని జరిపి, ఏళ్ళ తరబడి దాన్ని బతికించారు.

కాలిన మోటార్లలోని తీగను మంటలో ఎర్రగా కాల్చి, చల్లార్చి, మెత్తబడ్డాక కొమ్మలకు చుట్టేవారు. "తీగ వొంచదమ్మీ. సెయ్యి వొంచాల. వొంగిందాన్ని తీగ పట్టుకుని ఉంటాది, అంతే" అనేవారు.

తరువాత మా ఊళ్ళో ఎందరికో వచ్చినట్టే ఆయనకూ కిడ్నీల జబ్బు వచ్చింది. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. తాగే నీళ్ళకు కొలత. వేసవిలో నాలుక పిడచకట్టుకుపోతున్నా చెట్టు మీద నీళ్ళు చల్లుతూ నిలబడేవారు.

"ఆ నీళ్ళు సూత్తంటే నీకు దాహం వెయ్యదా, సిన్నాన్నా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకెయ్యదు? కొలత నాకు గానీ దానికి కాదు కదా" అన్నారు.

హిమాచల్‌లో ఆయన కొండచరియల అంచున లోయలోకి వేలాడే దేవదారుల్ని చూశారు. తన చెట్టు కూడా కుండీ అంచు దాటి, కుండీ అడుగుకన్నా కిందికి జాలువారాలని కోరిక. కొమ్మలన్నీ వంచేశారు, మాను ఒక్కటే మిగిలింది. అప్పటికే డయాలసిస్ సూది కోసం ఎడమ చేతికి ఆపరేషన్ అయింది. ఆ చేతి మీద బలం పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని చలికాలంలో ఒక ఆదివారం నన్ను పిలిచారు.

"సేతులు నీయి, నోరు నాది" అన్నారు.

మానుకు తడిపిన కొబ్బరి పీచు చుట్టాం. దాని మీద లావుపాటి రాగి తీగ చుట్టాం. ఆయన ముక్కాలి పీట మీద కూర్చుని చెబుతుంటే నేను రెండు బొటనవేళ్ళూ ఆనించి మెల్లగా వంచాను. చెట్టు దిగుతోంది. ఆయన ముఖం వెలిగిపోతోంది. అంచు దాటింది.

"ఆగమ్మీ. సెట్టు సాలంటంది."

నాకు వినబడింది. కానీ ఇంకొక్క వేలెడు దిగితే ఆయన కోరుకున్న చోటికి వస్తుంది. ఆయనకు ఎన్ని చలికాలాలు మిగిలాయో ఎవరికి తెలుసు? ఇంకొంచెం వంచాను. టప్‌మంది.

ఆయన ఒక్క ఉదుటున లేచి, చీలిన చోటును రెండు చేతులతో అదిమి పట్టేశారు. "పీచు కట్టు, బేగి కట్టు" అని అరుస్తున్నారు. తడి పీచు జారిపోయి ముడి పడటం లేదు. నేను కట్టడం పూర్తయ్యేదాకా ఆయన పట్టు వదల్లేదు. ఎడమ చేయి కూడా.

మర్నాటికి ఆ చేయి వాచింది. సూది దిగక ఆస్పత్రిలో నానా తంటాలు పడ్డారు. "నీ సెట్టు కోసం పేణం తీసుకుంటావేటి?" అని పిన్ని ఆయన మీద విరుచుకుపడింది. ఆయన నా పేరు ఎత్తలేదు. నేనే తొందరపడ్డానని ఎవరికీ చెప్పలేదు. తరువాతి ఆదివారం నేను ఏడుస్తుంటే, "పగిలింది అతుక్కుంటాదమ్మీ, కదపకుండా ఉంటే" అన్నారు. చెట్టు అతుక్కుంది. చేతి వాపు తగ్గడానికి చాలా రోజులు పట్టింది. ఆ తరువాత ఆయన కోలుకున్నట్టే అనిపించలేదు.

ఆయన గుండె ఆగి పోయారని, చేతి వాపుకూ దీనికీ సంబంధం లేదని డాక్టరు అన్నాడు. రోజూ ఆ మాట నాకు నేను చెప్పుకుంటున్నాను. నమ్మకం కుదరడం లేదు.

శవం లేవకముందే పిన్నికి నిజం చెప్పేశాను. ఆవిడ నా వైపు చూసి, "ఆ రోజు నువ్వు రాకపోయుంటే బాగుండు" అంది. కర్మలు జరిగినన్నాళ్ళూ నాతో మాట్లాడలేదు.

పన్నెండో రోజు గడిచాక పెరట్లోకి వెళ్ళాను. ఇన్నాళ్ళూ ఆ చెట్టు ఎవరికీ గుర్తు రాలేదు. పందిరి మట్టలు గాలికి ఎగిరిపోయాయి. చేయి తగిలితే చాలు, సూదుల్లాంటి ఆకులు జలజలా రాలుతున్నాయి. అంచు నుంచి కిందికి దిగిన మాను ఎండిపోయి చిటుక్కుమంది. పిచ్చిదానిలా నీళ్ళు పోశాను, కుండీ అడుగు నుంచి కారిపోయేదాకా పోశాను. చీలిక మచ్చకు ఇవతల, వేరు వైపున గోటితో బెరడు గీకి చూస్తే సన్నటి పచ్చదనం కనిపించింది. మిగిలింది అంతే. చిన్నాన్న కోరుకున్న వాలంతా పోయింది. ఇక అది ఎప్పటికీ రాదు.

వెనక పిన్ని నిలబడి ఉందని అప్పుడే చూశాను.

"బతుకుతాదా?" అంది.

"తెలీదు పిన్నీ."

నేను మట్టల కోసం తోటలోకి పరుగెత్తాను. మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి, పిన్ని చీర చెంగును రెండు చేతులా చాచి, కుండీ మీద ఎండ పడకుండా అడ్డంగా నిలబడి ఉంది. చేతులు దించడం లేదు.