మెట్ల మీద ఆగే కథలు

ఈ ఉదయం బస్సులో ఎవరో నొప్పుల మందు రాసుకొచ్చారు. ఆ కర్పూరం ఘాటుకు రియాద్‌లో, మలాజ్‌లోని మా పాత ఫ్లాట్ కళ్ల ముందు తేలింది. అక్కడ సుబ్బరామయ్య గారి దగ్గర రోజూ ఇదే వాసన. "జలుబు" అనేవారు. నడివేసవిలో, రియాద్‌లో, రెండేళ్లపాటు జలుబేమిటని నాకు తోచలేదు. పైగా నేను ఇంజనీరును!

అరవై దాటిన ఆయన మా కంపెనీ స్టోర్ కీపర్, నెల్లూరు మనిషి. రెండు వేల అయిదు ప్రాంతంలో మేం ఆరుగురం ఆ మూడో అంతస్తులో ఉండేవాళ్లం. లిఫ్టు లేదు. ఆఫీసు నుంచి రాగానే, మెట్ల మలుపు వచ్చినప్పుడల్లా ఆయన ఆగి ఓ కథ ఎత్తుకునేవారు.

"కాకా, ఆకలైతుంది. నడుసుకుంట చెప్పరాదే?" అనేవాణ్ణి.

"కథ నడవాలంటే మనిషి నిలబడాల అబ్బయ్యా!"

వాగుడుకాయ అనుకుని, నేను ముందే పైకి పరిగెత్తడం అలవాటు చేసుకున్నాను.

ఒక సాయంత్రం కారులో మరిచిన రొట్టెల కోసం కిందికి దిగాను. రెండో మలుపులో ఆయన ఒక్కరే, గోడకు నుదురు ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నారు. చుట్టూ ఎవరూ లేరు. అయినా పెదవులు కదులుతున్నాయి: "...అప్పుడు మా మామ రేడియో ఎత్తుకోని..." కల్లో మాట్లాడుతున్నట్టుంది. ఆ కథలు మాకు కాదు, ఆయన మోకాలికని అప్పుడు తెలిసింది.

"ఎన్నేండ్ల సంది కాకా?"

"పదేళ్లు. ఎవురితో అనబాక. తెలిస్తే ఈడ ఉండేదానికి ఇకామా పొడిగించరు, ఎగ్జిట్ కొట్టి పంపిస్తారు."

"పోతే ఇంటికాడ రెస్టు దొరుకుతది గద?"

"మీ చిన్నమ్మ పోయినాక ఆడెవురున్నారు? ఈడ నా నొప్పికి ఆరుగురం. ఆడ నేనొక్కణ్ణే."

చెయ్యి అందించబోతే విదిలించుకున్నారు. "నేనేమన్నా కొత్త పెళ్లికూతురినా!"

మర్నాడు కారు దిగుతూనే కుంటడం మొదలుపెట్టాను. "సైట్ల కాలు మడతవడ్డది కాకా. జర భుజమియ్యి."

ఆయన మురిసిపోయి నన్ను పట్టుకున్నారు. ఎవరు ఎవరిని ఎక్కిస్తున్నదీ తెలియనట్టు, నీళ్లలో నడిచినట్టు నెమ్మదిగా ఎక్కాం. అందరూ నా కాలి గురించే అడిగారు. ఆయన మోకాలు ఎవరి కంటా పడలేదు. ఆ ఏడు కంపెనీ ఆయన ఇకామా పొడిగించింది. నా కాలు మాత్రం, ఆయన రియాద్‌లో ఉన్నన్నాళ్లూ నయం కాలేదు.

మలుపు మలుపుకూ ఇప్పుడు నేనే ఆపి కథ చెప్పేవాణ్ణి. నాకు కథలు రావు.

"ఏందబ్బయ్యా ఇది, తలా తోకా లేదు?"

"ఇంక అయిపోలే కాకా. నిలబడు."