టాకెట్ లాయరు తగాదాలు

లైసాండర్ టాకెట్‌కి తగాదా లేనిదే పూట గడవదు. కెంటకీ కొండల్లోని ఆ ఊళ్లో ఆయన చేత చీవాట్లు తినని మనిషి లేడు. కేసు గెలిపించినందుకు కక్షిదారు దండం పెట్టబోతే, "ముందు ఆ బూట్ల బురద బయట దులుపుకురా!" అనేవాడు. జూరీ తనవైపే తీర్పు చెప్పినా, "ఇంతసేపా?" అని వాళ్లమీద లేచేవాడు. ఒకసారి జడ్జి విసిగిపోయి, "టాకెట్, మీరు గెలిచారయ్యా!" అన్నాడు.

"ఆ ముక్క కాస్త గట్టిగా చెప్పకూడదూ!" అన్నాడు టాకెట్.

అలాంటివాడు శాసనసభకు నిలబడ్డాడు. ఓటడగడానికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ కాఫీ బాగాలేదని చెప్పి వచ్చాడు. అయినా ఆయనే గెలుస్తాడనుకున్నారు. కోర్టులో తమకోసం గొంతు చించుకునేది ఆయనే మరి.

అసా క్రంప్‌కి ఆ సంగతి మరీ బాగా తెలుసు. గుర్రం దొంగిలించాడని లేనిపోని నేరం మోపినప్పుడు, అతన్ని ఉరితాడు నుంచి తప్పించింది టాకెట్. కానీ అసా కౌలుకు దున్నేది కర్నల్ పెల్ భూమి. టాకెట్ మీద పోటీ చేస్తున్నదీ ఆ కర్నలే. "నాకు వెయ్యని కౌలుదారు మర్నాడే గుడిసె ఖాళీ చెయ్యాలి," అని ఆయన ఊరందరి ముందూ చెప్పేశాడు.

అప్పట్లో ఓటంటే నోటితో చెప్పడమే. కోర్టు అరుగు మీద ఇద్దరు అభ్యర్థులూ కూర్చునేవారు. ఓటరు అందరి ముందూ ఎవరి పేరు చెబితే ఆ అభ్యర్థి లేచి, టోపీ తీసి, వంగి నమస్కరించేవాడు.

అసా మెట్లెక్కాడు. సామాను మూట కట్టమని పొద్దున్నే భార్య డెల్ఫీతో చెప్పి వచ్చాడు.

"ఎవరికి?" అన్నాడు షెరీఫ్.

అసా నోరు తెరిచాడు. టాకెట్ దిగ్గున లేచాడు.

"ఆగవోయ్! నీ పంది నా మొక్కజొన్న తొక్కేసింది. ముందు అది తేల్చు!"

"నా పందా?"

"నీదే! ముక్కు చూస్తే తెలియడం లేదూ? అచ్చం నీ ముక్కే!"

జనం ఘొల్లుమన్నారు. అసా చెవులు ఎర్రబడ్డాయి.

"నన్నేమన్నా పడతాను లాయరుగారూ. ఈ ముక్కు మా అమ్మ పోలిక!"

"అయితే పందిదీ మీ అమ్మ పోలికేనన్నమాట!"

"కర్నల్ పెల్!" అని అరిచాడు అసా. "రాసుకోండి! కర్నల్ పెల్‌కే నా ఓటు!"

కర్నల్ టోపీ తీసి వంగాడు. టాకెట్ తరువాతి కౌలుదారుతో కుక్క గురించి తగాదా పెట్టుకున్నాడు. ఆ తరువాతివాడితో వాడి గడ్డం గురించి. సాయంత్రానికి ఓడిపోయాడు.

అసా ఇల్లు చేరి, మూటల మధ్య నిలబడి, ఇంకా కోపంతో ఊగిపోతున్నాడు.

"విప్పెయ్! కర్నల్‌కే వేశాను. ఆ ముసలాడు నలుగురిలో నా ముక్కునంటాడా! మన పంది ఆయన చేను తొక్కిందట!"

"ఏ పంది?" అంది డెల్ఫీ.

"మన..." అని ఆగిపోయాడు అసా.

"పోయిన చలికాలమే కోసేశాం కదయ్యా. తొడ ఉప్పులో ఊరేసి పంపలేదూ? ఎవరికి పంపాం?"

అసా బల్లమీద కూలబడ్డాడు. పోకుండా మిగిలిన గుడిసె కప్పు వంక చూశాడు.

"ఆయనకే."

డెల్ఫీ నవ్వుతూ మొదటి మూట ముడి విప్పింది. "బాగుందన్నాడా?"

"ఉప్పెక్కువైందని తిట్టిపోశాడు."