సీసీ రోడ్డు మీద అలావ

కోరుట్లలో మా గల్లీకి సీసీ రోడ్డు వచ్చిన రోజు పెళ్లి సందడికి ఏమాత్రం తక్కువ కాదు. కంకర మిక్సరు గల్లీలోకి తిరగగానే పిల్లలు ఈలలు వేశారు. ఎదురింటి అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒళ్లోని చాటలు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే ముసలాయన, గల్లీ అంతా చాచా అని పిలిచే ఆయన, కూలీలందరికీ చాయ్ తెప్పించాడు. నేనైతే ఉతికిన లుంగీ కట్టుకుని మేస్త్రీ కన్నా ముందు నిలబడి, "గాడ మందం తక్కువున్నది, ఇంకో తట్ట ఎయ్" అని అజమాయిషీ చేశాను. ఆ మేస్త్రీ మంచివాడు, ఏమీ అనలేదు. మనసులో అనుకుని ఉంటాడు.

అంతకుముందు మా గల్లీలో వానాకాలం నడవడమంటే చెప్పులు ఒక చేతిలో, ప్రాణాలు ఇంకో చేతిలో పెట్టుకోవడమే. నేను దుబాయ్ నుంచి మూటాముల్లె సర్దుకుని పూర్తిగా వచ్చేసింది పోయిన వానాకాలంలో, పీర్ల పండుగ అయిపోయాక. వచ్చిన కొద్ది రోజులకే మా ఇంటామె కూరగాయల సంచితో సహా ఆ బురదలో జారి పడింది. కాలు విరిగింది. ఆటో అతను గల్లీ మొదట్లోనే ఆగి, "బురదల దిగవడ్తె నా బండిని ఎవలు గుంజుతరన్నా?" అన్నాడు. అదీ నిజమే. ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మెయిన్ రోడ్డు దాకా మోశాం. చాచా పక్కనే గొడుగు పట్టి నడిచాడు. గొడుగంతా ఆమె మీదే, వాన అంతా ఆయన మీద.

ఆ రోజు నుంచి నాకు రోడ్డు పిచ్చి పట్టింది. ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఎక్కడికి పోయినా మర్యాదగానే కూర్చోబెట్టి "అయితది" అన్నారు. మా దిక్కు "అయితది" అంటే అవుతుంది అనే అర్థం, ఎప్పుడని మాత్రం అడగకూడదు. చివరికి రోడ్డు కన్నా ముందు దాని ఫ్లెక్సీ వచ్చింది. గల్లీలో ఉన్న ఇళ్ల కన్నా దాని మీద మొహాలే ఎక్కువ. సరే, ఎవరి మొహం ఉంటే నాకేంది, రోడ్డు వచ్చింది కదా అనుకున్నాను.

వచ్చాక దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నాను. మట్టి గట్లు కట్టి, మళ్లు చేసి, నీళ్లు నింపాను. సారంగాపూర్ దగ్గరి పల్లె నుంచి కూతురింటికి వచ్చిన ఓ ముసలమ్మ చూసి, "నారు గూడ పొయ్యరాదు కొడుకా" అంది. కుక్కల్ని తరిమాను, మేకల్ని తరిమాను, బండి మీద వచ్చిన మా బామ్మర్దినీ తరిమాను. దుబాయ్‌లో నేను రోడ్ల పని చేశానని అందరికీ తెలుసు కాబట్టి గల్లీ మొత్తం నన్ను "ఇంజనీర్ సాబ్" అని ఏడిపించేది. అక్కడ నా పని ఏమిటో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా ఇంటామెకు మాత్రం ఫోన్‌లో ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాణ్ని: "కుర్సీల కూసోని సూసుకునే పని."

రోడ్డు గట్టిపడింది. ప్రతి ఇంటివాళ్లూ తమ గడప ముందు స్పీడ్ బ్రేకర్ కావాలన్నారు, పక్కింటి ముందు మాత్రం వద్దన్నారు. మొదటి వాన పడితే నీళ్లు బుద్ధిగా మోరీలోకి పోయాయి. మా ఇంటామె చేతికర్ర పట్టుకుని గల్లీ చివరి దాకా పోయి వచ్చింది, చెప్పులకు మట్టి అంటకుండా. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంతోషంలో మేమంతా ఒక సంగతి మరిచిపోయామని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ఒక పొద్దున చాచా మా ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు. చాయ్ ఇస్తే గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"బేటా, నెలవంక దగ్గర పడ్డది. అలావ ఏడ తవ్వుదాం?"

మా గల్లీ మధ్యలో చాచా వాళ్ల పీర్ల కొట్టం ఉంది. ఆయన తండ్రి నుంచీ, తాత నుంచీ పీర్లను కూర్చోబెట్టేది ఆ ఇంటివాళ్లే. మొహర్రం నెలవంక కనబడ్డ సాయంత్రం కొట్టం ఎదురుగా, సరిగ్గా దారి నడుమ, గుండ్రంగా గుంత తవ్వుతారు. పండుగ రోజుల్లో అందులో మంట వేస్తారు. దాని చుట్టూ గల్లీలోని పిల్లాపెద్దా, హిందువులూ ముస్లింలూ అందరూ ఆడతారు. అదే అలావ. పండుగ అయిపోగానే మట్టి పూడ్చేస్తాం. ఇక ఏడాదంతా అది మామూలు దారే. అందుకే కంకర పోసే రోజు అది ఎవరికీ గుర్తు రాలేదు. కూలీలకు చాయ్ పోసిన చాచాకూ గుర్తు రాలేదు. తమ అలావ మీద తామే కాంక్రీటు పోయించుకుని, పైనుంచి చాయ్‌లు తాగించినవాళ్లు ఈ భూమి మీద మా గల్లీవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండరు.

ఆ సాయంత్రం కొట్టం ముందు అందరం కూడాం. ఒకాయన పెద్ద ఇనుప బాండీలో మంట వేద్దామన్నాడు. ఇంకొకాయన వెనకాల ఖాళీ ప్లాటులో తవ్వుదామని మస్కట్‌లో ఉన్న దాని ఓనరుకు అక్కడికక్కడే వీడియో కాల్ చేశాడు. ఓనరు సరేనన్నాడు కానీ వెనక నుంచి ఆయన భార్య వాస్తు పోతుందని లొల్లి పెట్టింది. ఒక పిల్లవాడు ఎర్ర ఎల్ఈడీ లైట్లు పెడదామన్నాడు. వాణ్ని వాళ్లమ్మ నెత్తి మీద ఒకటిచ్చి ఇంట్లోకి పంపింది.

చాచా అన్నీ విన్నాడు.

"అలావ జాగ మార్తదా? గాడ లేకుంటె పీరీలను కూసోవెట్ట. స్టేషన్ దిక్కు వాడల ఇంకో కొట్టమున్నది, ఆళ్లకు ఇచ్చేస్త. గాడనే కూసుంటయి."

"మళ్ల ఏడు తెచ్చుకుందాం తియ్ చాచా" అన్నాన్నేను.

"ఒక్కపారి గడప దాటినంక మల్ల రావు బేటా."

అందరూ నా వైపు చూశారు. వాళ్ల చూపు నాకు అర్థమైంది. ఒళ్లు మండింది. "రోడ్డు మీద గడ్డపార పడ్తె ఊకోను. ఎంత తిరిగితె అచ్చింది ఇది! ఎవలికన్న ఎర్కనా?" అని అరిచేసి ఇంటికి వచ్చేశాను. చాచా తిట్టి ఉంటే నాకు ఇంకొంచెం బాగుండేది.

ఇంట్లో మా ఇంటామె అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నా కాలు ఇరిగిందనే గదా రోడ్డు తెచ్చినవ్? గట్లయితె నా మాట ఇను. పలగ్గొట్టు."

"నీకు మతి గిట్ల పోయిందా?"

"నువ్వు గాడున్నప్పుడు, మీ క్యాంపుల మంటలు లేసినయని టీవీల జెప్పిండ్రు, యాదికున్నదా? నీ ఫోన్ కలుస్తలేదు. పీరీల దినాలు గవి. ఎవలి కాడికి పోయి ఏడ్వాలె నేను? తడిబట్టల తోని గా అలావ సుట్టూ తిరిగిన. పీరీకి దట్టి కట్టిన. చాచా నా ఎన్కనే నడిసిండు, పడ్త అని. తెల్లారినంక నీ ఫోన్ అచ్చింది. గప్పటి సంది ఏటేట తిరిగిన, నువ్వు ఇంటికి వచ్చేదాక."

దట్టి అంటే పీరుకు మొక్కుకుని కట్టే రంగు గుడ్డ. మా ఇంటామె ఏటా అది కడుతుందని నాకు తెలియదు. చేతిలోని ముద్ద కంచంలోనే పెట్టేశాను.

"నాకెన్నడు జెప్పకపోతివి?"

"జెప్తె నువ్వు గాడ తిండి తింటుంటివా?"

నెలవంక కనబడ్డ సాయంత్రం నేనే చాచా ఇంటికి పోయి ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. ఆయన కొట్టం గడపకు వీపు పెట్టి నిలబడి, నేరుగా నడిచి ఒకచోట ఆగాడు. పెదవుల్లోనే ఫాతెహా చదువుకున్నాడు. గడ్డపార ఎత్తి మొదటి దెబ్బ వేశాడు. ఠంగుమని ఎగిరి పక్కన పడింది. రోడ్డు మీద గీత కూడా పడలేదు. కుర్రాళ్లు వంతులవారీగా కొట్టారు. చెమటలు కారాయి కానీ కాంక్రీటు కదల్లేదు.

"ఇంజనీర్ సాబ్, జర నీళ్లు తక్కువ పొయ్యకపోతివి!" అని ఎవరో అన్నారు. గల్లీ మొత్తం ఘొల్లుమంది. నాకూ నవ్వు ఆగలేదు.

ఇక దాచి లాభం లేదు. మెయిన్ రోడ్డు మీద అద్దెకు సామాన్లిచ్చే దుకాణం నుంచి బ్రేకర్ మిషన్ తెచ్చాను. దుబాయ్‌లో అన్నేళ్లు నేను చేసింది అదే. పైపులు వేయడానికి బంగారంలాంటి రోడ్లను ఎండలో నిలబడి పగలగొట్టడం. మిషన్ చేతిలోకి రాగానే ఒళ్లు తనంతట తనే వంగింది. గుండ్రంగా, అంచు చెదరకుండా, చాచా నిలబడ్డ చోటు చుట్టూ కోసుకుంటూ వచ్చాను. దుమ్ము లేచింది, చెవులు గింగురుమన్నాయి. ఎవరూ నవ్వడం లేదని మిషన్ ఆపాకగానీ గమనించలేదు. లోపల నల్లమట్టి కనబడింది, పాత బూడిదతో కలిసి.

చాచా ఆ మట్టి కొంచెం తీసి కళ్లకద్దుకున్నాడు. మా ఇంటామె అరుగు మీద నుంచి చేతికర్రతో మెల్లగా నడిచి వచ్చింది, నీళ్ల గ్లాసుతో. నేను అందుకోబోతే చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఆ మిషన్ వదిలాక చాలాసేపు అలాగే వణుకుతాయి. నీళ్లు సగం లుంగీ మీదే ఒలికాయి. ఆమె గ్లాసు తనే పట్టుకుని తాగించింది. ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయింది.

"గిదేనా నీ కుర్సీల కూసునే పని?"

"జెప్తె నువ్వు ఈడ తిండి తింటుంటివా?" అన్నాను.

కొంగుతో కళ్లు తుడుచుకుని, అదే కొంగుతో నా మొహం మీది దుమ్ము తుడిచింది. గల్లీ మొత్తం చూస్తోంది. చూస్తే చూడనీ.

పీర్లు ఎక్కడికీ పోలేదు. కౌన్సిలర్ వచ్చి ఆ గుంతను చూసి, "రోడ్డు ఎవలు తవ్విండ్రు?" అని అడిగితే, గల్లీ మొత్తం ఒక్క గొంతుతో "ముందు సంది గట్లనే ఉన్నది సార్" అంది. ఆయన కాసేపు చూసి, తలపాగా చుట్టించుకుని ఫోటో దిగి పోయాడు. ఇప్పుడు ఆ గుంత చుట్టూ ఇటుకల అంచు కట్టాం. బండ్లన్నీ దాని దగ్గర నెమ్మదిస్తాయి. అందరి ఇళ్ల ముందూ వేయమన్న స్పీడ్ బ్రేకర్లలో పనిచేసేది అదొక్కటే.

ఆ పండుగ చివరి సాయంత్రం, మంట వెలిగించక ముందు, ఆడవాళ్లు అలావ చుట్టూ తిరుగుతున్నారు. మా ఇంటామె కాలు ఇంకా అంత నడకకు సాగదు. చాచా ఆమెకు కుర్చీ వేయించాడు, మేం ఆమెను వానలో మోసిన ప్లాస్టిక్ కుర్చీయే. నేను ఒంటి మీద చెంబెడు నీళ్లు పోసుకుని తడిబట్టలతో దిగాను. ఆమె కాలు పేరు చెప్పుకుని తిరిగాను. మొగోడు గిట్ల తిరుగుతడా అని ఎవరో వెనక నుంచి అన్నారు. ఎన్ని చుట్లు తిరిగానో తెలియదు. పడతానేమోనని చాచా నా వెనకే నడిచాడు. "ఇగ సాలు బేటా" అని ఆయన భుజం మీద చెయ్యి వేసేదాకా తిరుగుతూనే ఉన్నాను.