బుజ్జమ్మను అన్నానికి పిలిచిందెవరు

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే, ఏదీ చూపించమని వెంటపడే రకం నేను. చిలకలపూడిలో గిల్టు నగల పని చేసి ముసలివాణ్ణయ్యాను. ఇత్తడి మీద పల్చగా బంగారం పూసి, పెళ్ళిళ్ళలో అసలు నగల పక్కన నిలబెట్టిన చేతులివి. పైకి కనిపించేదాన్ని ఊరికే నమ్మే అలవాటు లేదు. శ్మశానం పక్క రోడ్డులో సైకిలు మీద ఎన్నోసార్లు ఇంటికొచ్చాను. నన్ను పలకరించింది కుక్కలే.

అలాంటి నాకు పోయిన దసరా సెలవుల్లో ఒక అనుభవం అయింది. మేము ఊటీలో ఉండగా, బందరులో తాళం వేసిన మా ఇంటి నుంచి మా ఆవిడ గొంతు రోజూ వినిపించింది. వీధి వీధంతా విన్నది. గుడి పూజారి గారు మా గేటు ముందు నిలబడి మంత్రాలు చదివారు.

ఆగండి. వీధంతా అన్నది నా పైపూత. విన్నది పక్కింటి సుశీల ఒక్కతే. పూజారి గారికి ఈ సంగతే తెలియదు. అరుగు మీద చెప్పేకొద్దీ ఈ కథలోకి జనం వచ్చి చేరారు. రాసేటప్పుడు మాత్రం పూత గీకేసి లోపలి ఇత్తడినే చూపిస్తాను.

మాకు మూడు పిల్లులు. నల్లోడు, చిట్టి, రెండూ మంచి వయసులో ఉన్నవి. ఎవరు ఏం పెట్టినా తింటాయి. చిక్కంతా బుజ్జమ్మతోనే. ముసలిది. పళ్ళు ఊడిపోయాయి, ఒక కన్ను మసకేసింది. గిలకలదిండి నుంచి వచ్చే చేపలావిడ దగ్గర కొన్న చేపని ఉడకబెట్టి, ముల్లు తీసి, అన్నంలో మెత్తగా పిసికి, మా ఆవిడ రాజ్యం వెనక వసారాలో కూర్చుని పిలిస్తేనే వచ్చి తింటుంది. నేను పిలిస్తే చెవి కూడా కదపదు.

ఆ పిల్లి మూలంగా రాజ్యం ఏ ఊళ్ళోనూ రాత్రి ఉండడం మానేసింది. అయినవాళ్ళ పెళ్ళికి వెళ్ళినా అక్షింతలు వేసి సాయంత్రం బస్సుకి వచ్చేసేది. మనిషి అలిసిపోయింది. మోకాళ్ళు, నడుము, ఇంటిపని, నేను. మా అమ్మాయి పద్మ గుడివాడలో ఉంటుంది. తల్లిని చూసి చూసి, ఈసారి ఊటీ తీసుకెళ్ళాల్సిందేనని పట్టుబట్టింది. ఇప్పుడు కూడా ఆగిపోతే రాజ్యం ఇక జన్మలో కదలదని నాకు తెలుసు. అటు చూస్తే, వరసగా నాలుగు రోజులు తినకపోతే బుజ్జమ్మ బతకదని పశువుల డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు.

పిల్లుల్ని ఎక్కడ పెట్టాలన్నదాని మీద మా ఇంట్లో జరిగినన్ని చర్చలు పద్మ పెళ్ళి సంబంధానికి కూడా జరగలేదు.

గుడివాడలో పద్మ ఫ్లాటు ఉంది గానీ, వాళ్ళే మాతో వస్తున్నారు. విజయవాడలో పిల్లుల్ని ఉంచుకునే చోటు ఒకటుందని అల్లుడు ఫోన్లో ఫోటోలు చూపించాడు. ఏసీ గది, వరసగా బోనులు. రాజ్యం కళ్ళజోడు పెట్టుకుని అన్నీ చూసి, "అన్నం కలిపి పెడతారా బాబూ?" అంది. వాళ్ళు ప్యాకెట్టు గింజలు పోస్తారని అల్లుడు చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసేసింది. ఆ మాట అక్కడితో అయిపోయింది.

నాగాయలంక దగ్గర చేపల చెరువులు చేసే మా బావమరిది కారేసుకుని వచ్చాడు.

"నాతో పంపెయ్ బావా. మా దివిసీమలో చేపలకి కరువా?"

"పులిగడ్డ వంతెన దాటించాలిగా," అంది రాజ్యం.

"దాటిస్తే ఏమైంది అక్కా?"

"ఏరు దాటించిన పిల్లి ఇల్లు మర్చిపోతుంది. వదిలించుకునేవాళ్ళు చేసే పని అది."

"నేనేమన్నా గోనెసంచిలో కట్టి తీసుకెళ్తానన్నానా? కారులో, ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తా."

"ఒళ్ళో కూర్చున్నా ఏరు ఏరేరా."

వాడు కాఫీ తాగి, పిల్లుల వైపు ఒకసారి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

చివరికి సుశీల ఒప్పుకుంది. గోడ అవతలి ఇల్లే. ఇంట్లోనే కూర్చుని గొలుసులకి రాళ్ళు అతికించే పని చేస్తుంది. ఇంటికి తాళం వేసుకుని, వెనక వసారాలోకి వచ్చేందుకు పెరటి గేటు తాళం చెవి మాత్రం సుశీలకి ఇచ్చాం. చేప ఎలా ఉడకాలో, ముల్లు ఎలా తియ్యాలో రాజ్యం దగ్గరుండి నేర్పింది.

ఇక బయల్దేరడం. దెయ్యాలు లేవన్నాను గానీ శకునాలు లేవనలేదు. ప్రయాణానికి గడప దాటేటప్పుడు పిల్లి ఎదురైతే వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మూడు పిల్లులున్న ఇంట్లో ఆ లెక్కన రైలు దొరకదు. అందుకని ఆటో వచ్చేముందే మూడింటినీ వసారా చివరి సామాన్ల గదిలోకి తోలి గడియ పెట్టాను. మేము వెళ్ళాక తియ్యమని సుశీలకి చెప్పాను. తెలివైన పని చేశాననుకున్నాను.

చెప్పుల దగ్గర రాజ్యం ఆగింది. "బుజ్జమ్మేదండీ? చెప్పి వస్తాను."

"నిద్రపోతోంది, లేపకు. రైలు టైమైపోతోంది," అన్నాను.

రైలెక్కాక చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. గుడివాడలో పద్మ వాళ్ళు ఎక్కి, పిల్లలు గోల చేస్తున్నా తల తిప్పలేదు. తరవాత మెల్లగా నాతో, "దానికి వెళ్ళొస్తానని చెప్పలేదండీ," అంది. మా ఇళ్ళల్లో చెప్పకుండా గడప దాటితే వెళ్ళినట్టే కాదు. ఆ పట్టింపు మనుషులకే అనుకున్నాను.

మేము ఊటీ చేరిన రోజు సుశీల ఫోను చేసింది. "ముసల్ది మంచం కింద నుంచి రాలేదు బాబాయిగారూ. నిన్నా అంతే, ఇవాళా అంతే. నేను పిలిచి పిలిచి వచ్చేశాను." వసారాలో ఉన్న పాత నవారు మంచం సంగతి అది. ఫోను స్పీకరులో రాజ్యం అంతా విన్నది. సంచీలోంచి అప్పుడే తీసిన చీరల్ని మళ్ళీ సంచీలో పెట్టడం మొదలుపెట్టింది.

పద్మ ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. రాజ్యం చేత ఫోన్లో పిలిపించి, ఆ గొంతు రికార్డు చేసి సుశీలకి పంపించాను. పళ్ళెం పెట్టి అది మోగించమన్నాను. మర్నాడు మధ్యాహ్నం సుశీల కబురు చెప్పింది: "తిన్నది బాబాయిగారూ. పళ్ళెం నాకేసింది."

ఇక నా గొప్పలు చూడాలి. పడవల చెరువు దగ్గర, బొటానికల్ గార్డెన్లో, టీ ఫ్యాక్టరీలో, ఎక్కడికి వెళ్ళినా అల్లుడికి అదే చెప్పాను.

ఊటీలో నేను చూసిందొకటి ఉంది. రోజూ బుజ్జమ్మ అన్నం వేళకి రాజ్యం ఎక్కడుంటే అక్కడ కూర్చుండిపోయేది. కళ్ళు తెరిచే ఉండేవి. పిలిస్తే పలికేది కాదు. కుడిచెయ్యి ఒళ్ళో మెల్లగా కదిలేది, అన్నం పిసుకుతున్నట్టు. కాసేపటికి తేరుకునేది. ఆ చెయ్యి పట్టుకుని వాసన చూస్తే చేప వాసన వచ్చింది.

రాలేదు. వాసన కూడా పూతే. నేను ఆ చెయ్యి పట్టుకోనేలేదు. చల్లగాలికి కునుకు పట్టిందనుకుని మిరపకాయ బజ్జీలు తింటున్నాను. చెయ్యి కదలడం మాత్రం నిజం. పద్మ కూడా చూసింది.

ఇంకొకటి కూడా నిజం. తిరుగు ప్రయాణానికి ముందురోజు అలాగే కూర్చున్నప్పుడు, "జల్లు కొడుతోంది" అంది. బయట చక్కటి ఎండ. మనవలు నవ్వారు, నేనూ నవ్వాను.

బందరు వచ్చాం. బుజ్జమ్మ బాగానే ఉంది, కాస్త ఒళ్ళు కూడా చేసింది. సుశీలకి చాక్లెట్లు, నీలగిరి తైలం ఇచ్చి, నా రికార్డు గురించి మెచ్చుకోలు కోసం కూర్చున్నాను.

"అది నా ఫోన్లో తెరుచుకోలేదు బాబాయిగారూ. చక్రం తిరుగుతూనే ఉంది. చెబుదామనుకున్నాను, ఈలోగా పిన్నిగారే పిలిచారుగా."

"ఎక్కడి నుంచి పిలిచింది?"

"లోపల స్పీకరు పెట్టించారు కదా. మా మేనల్లుడి ఇంట్లోనూ ఉంది, కెమెరాతో పాటు. ఫోన్లోంచి మాట్లాడితే ఇంట్లో వినపడుతుంది."

మా ఇంట్లో స్పీకరు లేదు, కెమెరా లేదు. ఆ మాట నేను వెంటనే చెప్పలేదు. ఇంకేం విన్నావని అడిగాను. రోజూ పళ్ళెం పెట్టి తన వసారాలోకి వెళ్ళి పని ముందు కూర్చునేదట. కాసేపటికి గోడ అవతల నుంచి పిలుపు వినిపించేదట. మొదటిరోజు గోడ మీంచి తొంగిచూసింది. బుజ్జమ్మ పళ్ళెం ముందు కూర్చుని, వంటింటి తలుపు వైపు మొహమెత్తి చూస్తోంది, మనిషి మొహంలోకి చూసినట్టు. తలుపు వేసే ఉంది. తరవాత తల దించి తిన్నది.

"మీరు రేపు బయల్దేరతారనగా నాతో కూడా మాట్లాడారు," అంది సుశీల. "సుశీలా, జల్లు కొడుతోంది, మంచం లోపలికి లాగమ్మా అన్నారు. అక్కణ్ణుంచి కూడా ఎంత జాగ్రత్తో అనుకున్నాను. వచ్చి లాగాను. నవారు అప్పటికే సగం తడిసింది."

అప్పుడు చెప్పాను, స్పీకరు లేదని. ఆ అమ్మాయి ఒళ్ళోని చాక్లెట్ల డబ్బా తీసి పక్కన పెట్టేసింది. అబద్ధమాడే మనిషి కాదు. ఆ విద్యలో నాకు అనుభవం ఉంది కాబట్టి చెప్పగలను.

ఇల్లంతా వెతికాను. పాత రేడియో ఉంది, దానికి బ్యాటరీలు లేవు. వీధిలో ఇంకెవరైనా అలాంటి గొంతున్నవాళ్ళేమోనని విచారించాను. సుశీలకి కలొచ్చిందనుకుందామంటే, మంచం పట్టె మీద తడి మరక ఇప్పటికీ ఉంది. ఊటీలో అన్న మాట యాదృచ్ఛికం అనుకుందామంటే, పద్మ ఒప్పుకోవడం లేదు.

రాజ్యాన్ని అడిగాను. ఊరి నుంచి వచ్చాక ఆవిడ మా అందరికన్నా ఎక్కువ అలిసిపోయింది. రెండిళ్ళలో పని చేసినదానిలా రోజంతా పడుకుంది. నేను చెప్పిందంతా కళ్ళు మూసుకునే విన్నది.

"ఎవరో ఒకరు పిలవాలిగా," అని అటు తిరిగి పడుకుంది.

అంతకుమించి నాకేమీ తెలియదు. గట్టిగా అడిగే ఓపిక నాకూ లేదు, చెప్పే ఓపిక ఆవిడకీ లేదు. ఇందులో పూత లేదు కాబట్టే, అరుగు మీద ఈ భాగం చెబితే ఎవరూ నమ్మడం లేదు.

నిన్న పద్మ ఫోను చేసింది. వేసవిలో కాశీ వెళ్దామంటుంది. ఊటీ కంటే దూరం, ఇంకా ఎక్కువ రోజులు. మళ్ళీ బోనుల ఫోటోలు, పులిగడ్డ వంతెన మొదలవుతాయని నేను తల పట్టుకున్నాను. పద్మ స్పీకరులో భయపడుతూనే అడిగింది, "మరి పిల్లులో అమ్మా?"

రాజ్యం వసారాలో చేప ముల్లు తీస్తోంది. తలెత్తకుండానే చెప్పింది.

"టికెట్లు తీసుకోవే. వాటి సంగతి నేను చూసుకుంటాలే."