మెత్తని గొంతులో కలన గణితం

బేతంచెర్ల స్టేషన్‌లో పొద్దున బండి ఎక్కేవాళ్ళలో జీవితను ఇట్టే గుర్తుపట్టవచ్చు. పక్కన ఎవరు కూర్చున్నా ముఖం కిటికీ వైపే ఉంటుంది. చెవుల్లో వైర్లు, వాటి మీద బిగించి చుట్టిన చీర కొంగు. పాటలు వింటోందని కొందరు అనుకునేవారు. పెదవులు కదలడం, మధ్యమధ్య కళ్ళు మూసుకోవడం చూసి ప్రార్థన అనుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ ఎండాకాలమంతా డోన్ దాకా ఆమె విన్నవి లెక్కలు.

నలభై ఒకటో ఏట ఒక మనిషి కలన గణితం నేర్చుకోవాలని కూర్చుందంటే దానికొక కారణం ఉంటుంది. జీవితకు ఉన్న కారణం ఒక కాగితం. భర్త వసంతకుమార్ డోన్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉంటూ గుండెపోటుతో పోయాడు. కారుణ్య నియామకం కింద ఆ కుర్చీ ఈమెకు ఇచ్చారు. ఇస్తూ ఒక షరతు రాశారు: గడువులోపల ఇంటర్ పాసు కావాలి, లేదంటే అటెండరుగా దిగాలి. ఆమె ఓపెన్ స్కూల్లో చేరింది. చిన్నప్పుడు చదివి వదిలేసిన గ్రూపే తీసుకుంటే కొంతయినా గుర్తుకొస్తుందనుకుంది. తెలుగు, ఇంగ్లీషు, భౌతికం, రసాయనం ఒక్కొక్కటే గట్టెక్కాయి. లెక్కలు రెండుసార్లు పోయాయి. గడువుకు ముందు ఇక మిగిలింది ఒక్క పరీక్ష.

అటెండరు పనిని ఆమె ఏనాడూ చిన్నచూపు చూడలేదు. కాని భర్త కూర్చున్న కుర్చీలోంచి లేచి, ఆ గదిలోనే, ఆ మనుషులకే టీ గ్లాసులు అందించడం కళ్ళముందు మెదిలినప్పుడల్లా లెక్కల పుస్తకం మళ్ళీ తెరిచేది.

ఆమెకు తెలివి లేక పోయిన పరీక్షలు కావవి. రెండోసారి రాసినప్పుడు ప్రశ్నపత్రం చేతికి రాగానే వేళ్ళు చల్లబడ్డాయి. సమాకలనం గుర్తు, ఆ నిలువు వంపు, కాగితం మీద పాము పిల్లలా కనిపించింది. గంటన్నర కూర్చుని, హాల్ టికెట్ నంబరు తప్ప ఏమీ రాయని కాగితం ఇచ్చి బయటికి వచ్చింది. ఇంట్లో మాత్రం, "పేపరు శానా కష్టంగా వచ్చింది" అని చెప్పింది.

ఆ చలి పాతది. పదిహేడేళ్ళప్పుడు పట్టుకున్నది. ఇంటర్‌లో లెక్కలు చెప్పిన ఆంజనేయ సార్ గొంతు మూడు గదుల అవతలికి వినపడేది. ఒకరోజు ఆమెను బోర్డు దగ్గరికి పిలిచాడు. లెక్క రాలేదు. సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయింది. "మీ నాయన కొండలో బండలు తీస్తాడంట గదా. ఒక బండ నీ తలకాయలో పెట్టి పంపినాడా?" అన్నాడు సార్. క్లాసంతా నవ్వింది. అందులో సగం మంది నాయనలు బండల పనివాళ్ళే. మరునాటి నుంచి ఆమె లెక్కల గంటకు వెళ్ళలేదు. ఆ ఏడాది తప్పింది. తర్వాత పెళ్ళి అయింది.

బండిలో వినే ఆ లెక్కలను, ఫోన్‌లో గుసగుసగా చెప్పే వీడియో పాఠాలను, కూతురు ఆరాధన తెచ్చింది. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉంది ఆ పిల్ల.

"మా, ఇది విను. నిద్ర పట్టకుంటే నేను ఇట్లాంటివి వింటా. వాన చప్పుడు, కాగితం మడిచే చప్పుడు. ఇదేమో లెక్కలంట, మెల్లగా చెప్తాండారు."

"లెక్కలు గుసగుసగా చెప్పేదేంది? దొంగ లెక్కలా?"

"విను మా ముందు. నేను ఊరికే చెప్తే నీకు ఎక్కదు."

విన్నది. ముఖం కనిపించదు. తెల్ల కాగితం, దాని మీద నెమ్మదిగా కదిలే పెన్సిలు, ఒక ముసలి చెయ్యి. గొంతు గాలిలో సగం కలిసిపోయినట్టు ఉంది.

"భుజాలు దించండి. పళ్ళు బిగబట్టినారేమో చూసుకోండి. నాలుక వదులు చేయండి. తొందర లేదు. ఈ లెక్క యాడికీ పోదు. మనం వచ్చేదాకా ఈడనే ఉంటుంది."

తన పళ్ళు నిజంగానే బిగబట్టి ఉన్నాయని జీవితకు అప్పుడే తెలిసింది. దవడ నొప్పి పుట్టి ఉంది. ఎన్నేళ్ళుగానో.

మొదటి వారం రోజూ నిద్రపోయింది. ఒకసారి డోన్ దాటిపోయి తరువాతి స్టేషన్‌లో దిగి, ఆఫీసుకు గంట ఆలస్యంగా వెళ్ళి చీవాట్లు తిన్నది. రెండో వారం కునుకు పట్టకుండా నిలబడి విన్నది. బండి చప్పుడులో ఆ గొంతు వినాలంటే ఒళ్ళంతా చెవి చేసుకోవాలి. అంతగా విన్నాక భయపడటానికి లోపల చోటు మిగిలేది కాదు. అవధి అంటే ఏమిటో తెలిసింది. ఒక వంపు మీద ఒకే ఒక్క చుక్క దగ్గర వాలు ఎంతో ఎలా కనుక్కోవాలో ఆ పెన్సిలు చూపించింది. పక్కనే హెచ్ అనే చిన్న దూరంలో ఇంకో చుక్క పెట్టి, ఆ దూరాన్ని తగ్గించుకుంటూ పోవాలి. వింటున్నంతసేపూ అంతా అర్థమయ్యేది.

తానే చేయబోతే మాత్రం ప్రతి లెక్కా ఒకే చోట చచ్చిపోయేది. పైన సున్నా, కింద సున్నా. ఎన్ని రకాలుగా మొదలుపెట్టినా సున్నా మీద సున్నానే వస్తుంది. పరీక్ష తొమ్మిది రోజుల్లోకి వచ్చేసింది. మొదటి మెట్టే దాటకపోతే దాని పైన కట్టిన పాఠమంతా పోయినట్టే. వేళ్ళ చివర మళ్ళీ చలి మొదలైంది.

పాఠాల కింద ఒక నంబరు ఉండేది, సందేహం ఉంటే సాయంత్రం ఐదు తర్వాత అడగమని. ఆఫీసు వదిలాక డోన్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఫోన్ చేసింది.

"చెప్పమ్మా." అదే గొంతు.

"సార్, ఎన్నిమార్లు చేసినా సున్నా బై సున్నా వస్తాంది. పరీక్ష దగ్గర పడింది సార్."

"కంగారు లేదు. నువ్వు రాసింది వరుసగా చదువు. నేను వింటా."

ఆమె చదివింది. రెండో వరుసలోనే ఆయన ఆపాడు.

"ఈడ హెచ్ ఏమైంది?"

"తీసేసినా సార్."

"ఎందుకు?"

"చిన్నదే గదా సార్."

"ఎంత చిన్నదైనా ఎట్ల తీసేస్తావు తల్లీ?"

ఎందుకు తీసేసిందో జీవితకు తట్టింది. సిగ్గేసింది. చిన్నతనమంతా నాయన ఏసేపు పక్కన నిలబడి లారీకెక్కే బండలను టేపుతో కొలిచింది. రెండడుగుల అంగుళం ఉన్న బండను రెండడుగులు అనే చెప్పాలి. ఆ అంగుళం కొనేవాడికి వదలాలి. ఆ అంగుళానికీ లెక్కగట్టే మనిషి దగ్గర బండ కొనరు. చిన్నది కనిపించగానే వదిలేయడం ఆమె చేతికి అలా అలవాటైపోయింది. లెక్కలోనూ అదే చేసింది. ఆ సంగతి చెప్పింది.

అవతల ఊపిరి లాంటి నవ్వు. "బాగుండాదమ్మా. ఇంతకాలం చెప్పినాను గాని ఈ తప్పు ఎవరూ చేయలేదు. చూడు, హెచ్‌ను ఇప్పుడే వదలొద్దు. దాంతోనే విస్తరించు, దాంతోనే భాగించు. కింద హెచ్ కొట్టేసినాక, ఆఖర్న, అప్పుడు వదులు. లారీ కదిలినాక వదలాల్సిన అంగుళమనుకో."

అక్కడికక్కడే చేసింది. ఎక్స్ వర్గం వాలు రెండు ఎక్స్ వచ్చింది. నోట్లోంచి "అయ్యో దేవా" అని వచ్చింది.

"బండలంటాండావు, బేతంచెర్లనా? నేను ఆ పక్కనే పదేండ్లు చెప్పినా, ఇంటర్ పిల్లలకు. ఆంజనేయ అంటారు నన్ను. అప్పుడు నా గొంతు వేరే. ఇప్పుడు ఆపరేషనై ఇట్ల ఉండాది."

జీవిత ఫోన్ పెట్టేసింది. బండి వచ్చింది. ఎక్కింది. వైర్లు సంచిలోనే ఉన్నాయి.

మూడు రోజులు ఆ పాఠాలు పెట్టలేదు. పుస్తకం తెరిస్తే పంక్తుల మధ్యలోంచి పాత గొంతు వస్తోంది. తనకు భుజాలు దించమని చెప్పిన నోరు, తన నాయనను క్లాసు ముందు బండతో కొట్టిన నోరు ఒకటే. నెల రోజులుగా ఆ మనిషి చెప్పినట్టు ఊపిరి పీల్చింది, వదిలింది. ఒంటి మీద ఎవరో తెలియకుండా చెయ్యి వేసినట్టనిపించింది.

"ఏమైంది మా? పాఠం వినడం లేదు?" అని ఆరాధన అడిగింది.

"ఆ గొంతు నాకొద్దు."

"ఇంకో గొంతు యాడ తెచ్చేది, ఆరు రోజుల్లో?"

పిల్ల అన్నది నిజమే. ఆదివారం చర్చిలో పాటకు నోరు తెరిస్తే గొంతు రాలేదు. తానూ కూతురూ ఉంటున్న నాయన ఇంటికొచ్చి, పెరట్లో గోడకు ఆనించి ఉన్న నాపబండల పక్కన నిలబడి ఆ నంబరు కొట్టింది.

"సార్, నేను జీవితను. ఏసేపు కూతురిని. మీ స్టూడెంటును." ఆ తర్వాత బోర్డు దగ్గర ఆయన అన్న మాటను ఒక్క అక్షరం పోకుండా తిరిగి చెప్పింది.

అవతల పెన్సిలు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"గుర్తు లేదమ్మా," అన్నాడు ఆయన.

క్షమించమంటాడనుకుంది. లేకుంటే అట్లా అననే లేదంటాడనుకుంది. దేనికైనా సిద్ధంగానే ఉంది, ఈ మాటకు తప్ప.

"నాకు ఇరవై నాలుగేండ్లు గుర్తుండాది. మీకు లేదా?"

"అనింటాను. శానా మందిని శానా అన్నాను. నువ్వు ఎవరో గుర్తుకు రావడం లేదు. అబద్ధం చెప్పమంటావా?"

ఆమె ఒళ్ళు వేడెక్కింది. ఆ వేడి వేళ్ళ చివరల దాకా పోయింది.

"చెప్పొద్దు. నేను చెప్తా, మీరు వినండి."

నాయన బండలకు గుర్తులు పెట్టే సుద్ద కిటికీలో ఉంది. తీసుకుని, గోడకున్న పెద్ద బండ మీద లెక్క రాయడం మొదలుపెట్టింది. రాస్తూ ప్రతి వరుసా ఫోన్‌లోకి అరిచి చెప్పింది. ఇక్కడ హెచ్ ఉంది, వదల్లేదు. విస్తరించినా. భాగించినా. ఇప్పుడు వదిలినా. తర్వాత ఘనం. తర్వాత సమాకలనం, వంపు కింది వైశాల్యం, పై హద్దు, కింది హద్దు. ఒక బండ నిండితే పక్క బండ. అవతల నుంచి "ఊఁ" తప్ప ఇంకేమీ రాలేదు. ఒక్కచోట మాత్రం, "అది మైనస్," అన్నాడు మెల్లగా. "తెలుసు!" అని అరిచి దిద్దుకుంది.

ముప్పై ఏళ్ళు బండలు కోసే మిషన్ల పక్కన పనిచేసి సగం చెవుడు వచ్చిన ఏసేపుకు కూడా ఆ అరుపు వినపడింది. మంచం దిగి వచ్చాడు.

"ఎవురితోమ్మే కొట్లాట?"

"కొట్లాట కాదు నాయనా, లెక్క చెప్తాండా."

"లెక్క చెప్పేదానికి ఇంత అరుపా! మిషనన్నా నయం గదమ్మే. ఈ బండలు రేపు లోడుకు పోవాల, ఎవురు తుడిచేది?"

"నేనే తుడుస్తా, పో నాయనా."

అన్నీ అయ్యేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. "అయిందమ్మా?" అన్నాడు ఆంజనేయ సార్. "అయింది." "తప్పు లేదు. ఒక్క మైనస్ తప్ప." ఇంకేదో అనబోయినట్టు ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ఆమె ఆగలేదు, పెట్టేసింది. మిగిలిన ఐదు రోజులు ఆ పాఠాలే పెట్టుకుని విన్నది. అయితే ఇప్పుడు మధ్యమధ్య ఆపి, ఆయన చెప్పబోయేది తానే ముందు చెప్పేది. బండిలో పక్కవాళ్ళు ఉలిక్కిపడి చూసేవారు.

పరీక్ష కర్నూలులో పడింది. హాల్లో ఫ్యాను తిరగడం లేదు. ప్రశ్నపత్రం రాగానే వేళ్ళు చల్లబడ్డాయి. ఆ చలి పోలేదు. పోతుందనుకుని ఎదురుచూస్తే పది నిమిషాలు గడిచాయి. ముందు బెంచీలో ఎవరో కాగితం తిప్పారు. ఇంక ఎదురుచూడకూడదనుకుంది. చల్లటి వేళ్ళతోనే మొదటి లెక్క పట్టుకుంది. అక్షరాలు వంకరపోయాయి, కాని వరుస తప్పలేదు. నాలుగో లెక్క దగ్గర చేతికి వేడి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో గమనించలేదు. ఆఖరి గంటలో అదనపు కాగితం కావాలని లేచి నిలబడి అడిగింది. ఇన్విజిలేటరు, "ఇంత గట్టిగా అడగాలా అమ్మా, ఈడనే ఉండాను గదా" అన్నాడు.

నెల దాటాక ఫలితం వచ్చింది. ఆరాధన ఫోన్‌లో చూసి, చూసి, మళ్ళీ చూసి తల్లికిచ్చింది. నలభై రెండు. ముప్పై ఐదొస్తే చాలు.

ఆఫీసులో ఆ కాగితం దాఖలు చేసి, తన కుర్చీలో కూర్చుని, భోజనం వేళ ఆమె ఆ నంబరుకు ఫోన్ చేసింది. కృతజ్ఞత చెప్పాలని లేదు. చెప్పకుండా ఉండాలనీ లేదు.

"పాసైనా సార్. నలభై రెండు."

"నలభై రెండేనా? నువ్వు ఆ దినం ఫోన్‌లో చెప్పినదానికి అరవై దాటల్ల గదా. యాడ పోగొట్టుకున్నావు?"

"ఏం సార్, మళ్ళా మొదలుపెడ్తాండారా?"

కార్యాలయంలో పక్క బల్లవాళ్ళు తలెత్తి చూశారు. అవతల ఆ మెత్తని గొంతు తడబడింది.

"లేదమ్మా, లేదు. శానా వచ్చినాయి. నలభై రెండు శానా ఎక్కువ."