నేను చంపిన బిషప్ గారు

నేనొక బిషప్ గారిని చంపాను. కంగారు పడకండి, నీలం ఇంకు పెన్నుతోనే. అదీ తెనాలి చర్చి హాల్లో, మైకు పెట్టి, మూడు ఊళ్ల జనం ముందు, ఆయన సొంత అక్కగారు ముందు వరసలో కూర్చుని వింటుండగా. పదో తరగతిలో ఇంతటి ఘనకార్యం ఇంకెవరైనా చేసి ఉంటే చెప్పండి, ఓటమి ఒప్పుకుంటాను.

మాది రేపల్లె. మా నాన్నకి దర్జీ కొట్టు. నన్ను సిస్టర్ల బడిలో చదివించారు. వ్యాసరచనలో నాకు ఎదురుండేది కాదు. అది నా తెలివి అనుకునేరు, నా గైడు మహిమ. అందులో మహనీయుల వ్యాసానికి ఒక అచ్చు ఉండేది: జననం, విద్య, సేవ, కష్టాలు, అస్తమయం. ఎవరి గురించి అడిగినా పేరు మార్చి ఆ అచ్చులో పోసేదాన్ని. కవులు, శాస్త్రవేత్తలు, స్వాతంత్ర్య యోధులు, అందరూ నా చేతిలో ఒకేలా పుట్టి ఒకేలా పోయారు. బహుమతిగా వచ్చిన స్టీలు గిన్నెలతో మా అమ్మకి వంటింట్లో ఒక అర నిండిపోయింది.

ఆ ఏడు పోటీ, బాపట్లలో పుట్టిన ఒక బిషప్ గారి మీద. ఎక్కడో పరాయి దేశంలో పేదల తరఫున నోరు విప్పినందుకు అక్కడి ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టింది. జనం ఆయన్ని మరిచిపోకూడదని తెనాలి, బాపట్ల, రేపల్లె బడులకి పోటీ పెట్టారు. ఒక్కో ఊరి నుంచి ఒక్కరు వేదికెక్కి చదవాలి. ఆయన వివరాలతో ఒక కాగితం కూడా ఇచ్చారు. దాని ఆఖరి వాక్యం, “ఇప్పటికీ చెరలోనే ఉన్నారు.”

నాకు చిరాకేసింది. ఇదేం ముగింపు? అస్తమయం ఏది? రాసినవాళ్లు మరిచిపోయి ఉంటారనుకున్నాను. బతికున్న మహనీయుణ్ణి మా గైడు ఎరగదు మరి. పోనీలే పాపమని ఆ లోటు నేనే పూడ్చి, గైడులో ఉన్నట్టే ఒక గురువారం తెల్లవారుజామున ఆయన్ని సాగనంపాను.

“సార్, ఒకసారి చూస్తారా?” అని మా తెలుగు మాస్టారికి చూపించబోయాను.

“నువ్వు రాశాక నేను చూసేదేంటమ్మా! రైలుకి టైమైపోతోంది, పద,” అన్నారాయన. ఆ మాటకి తర్వాత చాలా రోజులు బాధపడ్డారు.

తెనాలిలో కష్టాల దాకా బాగానే నడిచింది. ఇక అస్తమయం. “ఆ మహనీయుని మరణంతో లోకం చీకటైంది! అశేష జనవాహిని కన్నీటి సంద్రమైంది!” తలెత్తి చూస్తే హాల్లో నిజంగానే కళ్లు తుడుచుకుంటున్నారు. ఏం రాశానే అని మురిసిపోయి గొంతు ఇంకాస్త పెంచాను. వేదిక మీద ఫాదర్ గారు లేచి నిలబడి సిలువ గుర్తు వేసుకున్నారు.

ముందు వరసలో తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ కుర్చీ పట్టుకుని లేచింది. “ఎప్పుడమ్మా?” అంది.

జడ్జి గారేదో ప్రశ్న వేస్తున్నారనుకున్నాను. “గురువారం తెల్లవారుజామునండి!” అని ఠక్కున చెప్పాను.

“నీకెవరు చెప్పారు తల్లీ?”

“గైడులో ఉందండి.”

“నేను వాడి అక్కనమ్మా. మూడు నెలల్నుంచి కబురు లేదు. ఉన్నాడో లేదో ఒక్క మాట చెప్పండని ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ దేశంవాళ్లు పలకలేదు. చివరికి నీ నోట వినాల్సొచ్చిందా?”

మైకులోనే బావురుమన్నాను. “లేదండి, ఆయన పోలేదండి! నేనే చంపానండి! మార్కుల కోసమండి!”

ఆవిడ పేరు రోసమ్మ గారు. కుర్చీలో కూలబడి, ఎవరో ఇచ్చిన మంచినీళ్లు తాగి, “అయితే వాడు ఉన్నాడా మరి?” అంది.

అక్కడితో ఆగిందా? ఎవరో నా అస్తమయం పేరా ఫోన్లో వీడియో తీసి నలుగురికీ పంపేశారు. నా ఏడుపు మాత్రం ఒక్కరూ పంపలేదు. సాయంత్రానికి బాపట్లలో చావు గంట కొట్టారు. మర్నాడు రేపల్లెలో నల్ల బ్యాడ్జీలకి గుడ్డ ముక్కలు కావాలంటూ మా కొట్టుకే వచ్చారు.

“ఎవరో చాలా పెద్దాయనలా ఉన్నాడు. ఎవరమ్మా పోయింది?” అని కత్తిరిస్తూనే నన్ను అడిగాడు మా నాన్న.

“ఎవరూ పోలేదు నాన్నా,” అన్నాను, దారపు ఉండల వెనక దాక్కుని.

ఆ పుకారు సముద్రాలు దాటింది. ఆయన్ని ఏం చేశారని దేశదేశాల వాళ్లూ నిలదీశారు. మూడు నెలలు ఉలకని పలకని ఆ ప్రభుత్వం ఐదో రోజుకి దిగొచ్చింది. మనిషి బతికే ఉన్నాడు, కావాలంటే చూసుకోండని అక్కగారితో ఐదు నిమిషాలు వీడియో కాల్ ఇప్పించింది.

దానికి నన్ను కూడా రమ్మని రోసమ్మ గారు కబురు పెట్టారు. తిట్లు తినడానికి సిద్ధపడే బాపట్ల బస్సెక్కాను.

“తిట్టడానిక్కాదే పిచ్చిదానా. నువ్వు లేకపోతే ఈ ఫోనే లేదు. ఇలా పక్కన కూర్చో,” అని చెయ్యి పట్టుకున్నారావిడ.

ఫోన్లో చిక్కిపోయిన మొహం, నెరిసిన గడ్డం. “అన్నం తిన్నావా తమ్ముడూ?” అన్నారు రోసమ్మ గారు.

“తిన్నానక్కా. ఇంతకీ నన్ను చంపిందెవరు?”

రోసమ్మ గారు నన్ను ముందుకి తోశారు. “నేనేనండి. తప్పయిపోయిందండి.”

“ఎప్పుడు పోయానమ్మా?”

“గురువారం తెల్లవారుజామునండి.”

“మంచి పని చేశావు, శుక్రవారం ఉపవాసం తప్పింది. జనం బాగా వచ్చారా?”

“అశేష జనవాహినండి.”

ఆయన పకపకా నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి, “అందరూ నన్ను మరిచిపోయారనుకున్నానమ్మా,” అన్నారు. ముగ్గురం ఏడ్చాం. అంత పెద్ద తప్పు చేసినదాన్ని ఆ అక్కాతమ్ముళ్లు ఒక్క మాట అనకుండా అలా దగ్గరికి తీసుకున్నందుకు ఈనాటికీ వాళ్లకి రుణపడి ఉన్నాను.

అప్పట్నుంచి ఆవిడకి నెలకొక ఫోను వస్తోంది. నేను మాత్రం అల్లా సాక్షిగా, రోసమ్మ గారి సిలువ సాక్షిగా ఒట్టేసుకున్నాను, ఇక ఈ జన్మలో బతికున్న మహనీయుల జోలికి పోనని, అస్తమయం అన్న మాటే రాయనని. మొన్నటిదాకా ఆ ఒట్టు చెక్కుచెదరలేదు.

మొన్న రోసమ్మ గారు ఫోన్ చేశారు. “నసీమా, ఈ నెల తమ్ముడి ఫోను రాలేదే. నీకు ఖాళీ ఉంటే, ఇంకొక్కసారి చంపిపెట్టవా తల్లీ?”